చప్పట్లు కొట్టడానికేనా మా పిల్లలు? టీవీ చర్చలు, రాజకీయం, విశాఖ కుర్రకారు

ఎంవీపీ పిన్ని

అందరికీ నమస్కారం. ఇది టీవీ విభాగంలో పెట్టాలో, ఊరి రాజకీయం విభాగంలో పెట్టాలో తెలియక ఇక్కడ పెడుతున్నా. మోడరేటర్ గారు కావాలంటే మార్చుకోండి.

మా అక్క కొడుకు ఏయూలో (ఆంధ్రా యూనివర్సిటీ) ఎంఏ ఎకనామిక్స్ చదువుతున్నాడు. మొన్నామధ్య ఒక న్యూస్ ఛానల్ వాళ్లు బీచ్ రోడ్డులో షామియానా వేసి, స్టీల్ ప్లాంట్ మీద యువతతో చర్చ అని పిలిచారు. పరీక్షలకి కూడా వాడు అంతలా చదివి ఉండడు. కేంద్రం 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది కదా. ప్లాంటుకి సొంత ఇనుప గనులు లేకుండా, ఖనిజమంతా బయట కొనుక్కుంటూ ఉంటే ఆ డబ్బు ఎన్నాళ్లు ఆగుతుంది అన్నది వాడి ప్రశ్న. కాగితం మీద రాసుకుని, నా ముందు నిలబడి చదివి చూపించాడు కూడా.

అక్కడ జరిగింది వేరు. వీడు నోరు తెరవగానే "తమ్ముడూ, ఒక్క లైన్‌లో అడుగు" అన్నారట. గనులు అనే మాట వచ్చేలోపు పార్టీల ప్రతినిధులు ఇద్దరూ ఒకరి మీద ఒకరు అరుచుకోవడం మొదలుపెట్టారు, మైకు వెనక్కి వెళ్లిపోయింది. సరే, అంతవరకూ పోనీ అనుకున్నాం. ప్రసారం అయినప్పుడు చూస్తే, వీడికి ససేమిరా గిట్టని మాట ఒకటి అంటాడు ఒకాయన. ఆ వెంటనే మావాడి ముఖం! పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ చప్పట్లు కొడుతున్నాడు. హాస్టల్లో ఇప్పుడు వీడిని ఆ పార్టీ పేరు పెట్టే పిలుస్తున్నారు.

"ఇంక ఏ రాజకీయమూ వద్దు పిన్నీ, బ్యాంకు పరీక్షలు రాసుకుంటా" అంటున్నాడు. అక్క సంతోషించింది. నాకే మనసు ఒప్పుకోవట్లేదు. మీ ఇళ్లలో పిల్లలు ఈ చర్చలు చూస్తారా? చూసి ఏమంటారు?

కంచరపాలెం అప్ప

ముందు ఆ పిల్లాడికి టిఫినైనా పెట్టారా లేదా అది చెప్పు.

మా ఇంట్లో ఏడయిందంటే రిమోట్ కోసం యుద్ధం. మావారికి చర్చలు, నాకు సీరియలు, మా గుంటకి ఫోను. నిజం చెప్పొద్దూ, ఆయన చూసేదానికీ నేను చూసేదానికీ పెద్ద తేడా ఏటీ కనబడదు నాకు. కార్తీకదీపంలో డాక్టరు బాబు ఒక్క డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుంటే తేలిపోయే గొడవని 2017 నుంచి ఏళ్ల తరబడి లాగారు. ఈ చర్చల్లోనూ అంతే, ఒక్క కాగితం చూపిస్తే తేలే లెక్కని రాత్రి పది దాకా అరుస్తారు. ముఖం మీదకి మూడుసార్లు కెమెరా వెళ్లడం, ఢామ్మని మ్యూజిక్కు... అన్నీ అవే. కాకపోతే నా సీరియల్లో చీరలు బాగుంటాయి.

వంటలక్క ఏడిస్తే నేనూ ఏడ్చాను, అది వేరే సంగతి.

మైకు మోసినోడు

పిన్నిగారూ, నేను కొన్నాళ్లు ఒక ఛానల్‌కి ఈ జిల్లాలో స్ట్రింగర్‌గా, అంటే ఊరి విలేకరిగా, చేశాను. ఇప్పుడు మానేసి ఫొటో స్టూడియో పెట్టుకున్నా కాబట్టి ధైర్యంగా రాస్తున్నా.

మీవాడి చప్పట్లు దొంగ చప్పట్లు కావు. అతనే కొట్టాడు, కానీ ఆ మాటకి కాదు. చర్చ మొదలవకముందు యాంకర్‌కి టచప్ అవుతూ ఉంటుంది చూడండి, ఆ టైంలో ఒక కోఆర్డినేటర్ వచ్చి "అందరూ ఒకసారి నవ్వండి, ఇప్పుడు గట్టిగా చప్పట్లు, ఇప్పుడు సీరియస్‌గా ఇటు చూడండి" అంటాడు. కెమెరామన్ వరసగా ముఖాలు తీసుకుంటూ పోతాడు. వాటిని కట్‌అవేలు అంటాం. ఎడిటింగ్‌లో రెండు మాటల మధ్య అతుకు కనబడకుండా వాటిని వేస్తారు. అక్కడ ఎడిటర్‌కి టైం ఉండదు, మీవాడు ఏ పక్షమో తెలియదు, తెలుసుకునే పనీ లేదు. నవ్వు ముఖం బాగుంది, వేసేశాడు. కుట్ర అనుకోకండి. కుట్ర చెయ్యాలంటే శ్రద్ధ కావాలి, అక్కడ అది కూడా ఉండదు.

మైకు సంగతి ఇంకోటి గమనించండి. ఎప్పుడైనా ఆడియన్స్ చేతికి మైకు ఇవ్వడం చూశారా? ఛానల్ మనిషే పట్టుకుని నోటి దగ్గర పెడతాడు. లోగో కెమెరాకి కనబడాలి అన్నది పైకి చెప్పే కారణం. అసలు కారణం ఏంటంటే, చేతికి ఇస్తే వెనక్కి తీసుకోవడం కష్టం. పట్టుకున్నవాడి చెవిలో పీసీఆర్ (కార్యక్రమం నడిపించే కంట్రోల్ రూమ్) నుంచి మాట వస్తూనే ఉంటుంది, "చాలు, తీసెయ్" అని. నా చెవిలో కూడా వచ్చేది. ఒకసారి ఒక అమ్మాయి ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద లెక్కలతో సహా మాట్లాడుతోంది, నాకే వినాలనిపించింది. చెవిలో "కట్, కట్" అన్నారు, తీసేశాను. ఆ అమ్మాయి నోరు ఇంకా కదులుతూనే ఉంది.

లైవ్‌లో ప్రశ్నలు ముందే చీటీల మీద రాసి ఇవ్వడం కూడా ఉంటుంది. అన్ని చోట్లా కాదు గానీ, ఉంటుంది.

కూర్మన్నపాలెం తాత

స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరైనవాడిని. 1966లో నాకు 13 ఏళ్లు. ఈ ఊళ్లో అప్పటికి టీవీ అన్న మాటే లేదు, హైదరాబాద్‌లో దూరదర్శన్ వచ్చిందే 1977లో. అయినా "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అన్న నినాదం తెలియని పిల్లాడు లేడు. గోడల మీద బొగ్గుతో రాసేవాళ్లు. తెన్నేటి విశ్వనాథం గారు మాట్లాడుతుంటే కాలేజీ కుర్రాళ్లు చెట్లెక్కి వినేవాళ్లు. అమృతరావు గారు నిరాహారదీక్షకి కూర్చుంటే ఊరు ఊరంతా అటే చూసింది. నవంబర్ 1న ఇక్కడ కాల్పులు జరిగాయి. రాష్ట్రం మొత్తం మీద ఆ ఉద్యమంలో 32 మంది పోయారు. చదువుకునే పిల్లలు కూడా ఉన్నారు అందులో. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ వచ్చి శంకుస్థాపన చేశారు, 1992 ఆగస్టు 1న పీవీ గారు జాతికి అంకితం చేశారు. గోదావరి అని పేరు పెట్టిన మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర నేను పనిచేశాను.

ఇప్పటి పిల్లలకి ఆవేశం లేదని నేను అనను. ఎక్కడ ఖర్చు పెడుతున్నారన్నదే నా బాధ. 2023 డిసెంబర్‌లో బిగ్ బాస్ ఫైనల్ రాత్రి హైదరాబాద్‌లో స్టూడియో బయట ఆర్టీసీ బస్సుల అద్దాలు పగలగొట్టారు. దేనికోసం? ఒక టీవీ ఆటలో గెలిచినవాడి కోసం. మాకు 21 ఏళ్లు వస్తే గానీ ఓటు లేదు, 1989లో దాన్ని 18 చేశారు. చేతికి ముందే ఓటు వచ్చింది, చూపు మాత్రం టీవీ దగ్గరే ఆగిపోయింది.

అగనంపూడి కుర్రోడు

తాతగారూ, మీరంటే గౌరవమే. కానీ హైదరాబాద్‌లో ఎవరో బస్సు అద్దం పగలగొడితే అగనంపూడిలో ఉన్న నన్ను అడుగుతారేంటండీ?

2017 జనవరి 26 మీకు గుర్తుండే ఉంటుంది. చెన్నై మెరీనాలో జల్లికట్టు కోసం కుర్రాళ్లు కూర్చున్నది చూసి, ప్రత్యేక హోదా కోసం ఆర్కే బీచ్‌లో మౌనంగా నిలబడదామని మా వయసు వాళ్లే పిలుపు ఇచ్చారు. ఏ పార్టీ ఆఫీసులోనూ పుట్టలేదు అది, ఫోన్లలో పుట్టింది. మా అన్నయ్య అప్పుడు ఇంజనీరింగ్. పోలీసులు అనుమతి లేదన్నారు. బీచ్ రోడ్డు దారులన్నీ మూసేశారు. సాయంత్రానికి ప్రతిపక్ష నాయకుణ్ని ఎయిర్‌పోర్టు రన్‌వే దగ్గరే ఆపారు, ఇంక టీవీలో రాత్రంతా రన్‌వేనే. పొద్దున్నించి వచ్చి వ్యానెక్కిన కుర్రాళ్లు ఎక్కడున్నారో చూపించిన ఛానల్ మా ఇంట్లో ఎవరికీ కనబడలేదు. మా అన్నయ్య రాత్రికి ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాడు. ఇప్పుడు పుణెలో ఉద్యోగం. రాజకీయం అంటే ఛానల్ మార్చేస్తాడు.

ఇంకో మాట. కోపం తెచ్చుకోకండి. మా తాత భూమి కూడా మీ ప్లాంటులోనే ఉంది. భూమి పోయిన నిర్వాసితులకి ఇచ్చిన ఆర్ కార్డు మా ఇంట్లో ఇప్పటికీ బీరువాలో ఉంది, ప్లాస్టిక్ కవర్లో. మా నాన్నకి ఉద్యోగం రాలేదు, నాకు వచ్చే ఆశ లేదు. 2021 జనవరి 27న నూరు శాతం అమ్మేస్తాం అని కేంద్రం నిర్ణయం తీసుకున్నాక, కూర్మన్నపాలెం శిబిరంలో నిర్వాసితుల పిల్లలం కూడా కూర్చున్నాం. మొదట్లో ఛానళ్ల ఓబీ (లైవ్) వ్యాన్లు వరసకట్టేవి. రిలే దీక్షలు వెయ్యి రోజులు దాటేసరికి పండక్కి తప్ప ఎవరూ రాలేదు. కాబట్టి మా చూపు టీవీ దగ్గర ఆగిపోయిందంటే ఎలా? టీవీయే మమ్మల్ని చూడటం మానేసింది.

కూర్మన్నపాలెం తాత

ఆర్ కార్డుల విషయంలో నువ్వు అన్నదానికి నా దగ్గర జవాబు లేదు నాయనా. శిబిరంలో నేనూ కూర్చున్నాను. నువ్వు ఏ వరసలో కూర్చునేవాడివి?

అగనంపూడి కుర్రోడు

వెనక, మంచినీళ్ల డ్రమ్ము పక్కన :)

పూర్ణామార్కెట్ కొట్టు

నాది కిరాణా కొట్టు. పొద్దున్నించి రాత్రి దాకా చిన్న టీవీ ఒకటి మోగుతూనే ఉంటుంది కాబట్టి ఈ విషయంలో నాకు పీహెచ్‌డీ ఉంది.

టీవీకీ రాజకీయానికీ మధ్య గోడ ఎక్కడుందండీ? రోజా గారు నగరి ఎమ్మెల్యేగా ఉంటూనే జబర్దస్త్‌లో జడ్జిగా నవ్వారు, 2022 ఏప్రిల్‌లో మంత్రి అయ్యాకే మానేశారు. బాలకృష్ణ గారు హిందూపురం ఎమ్మెల్యేగా ఉంటూనే ఓటీటీలో టాక్ షో చేస్తూ చంద్రబాబు గారినే పిలిచి కూర్చోబెట్టారు. ఏ పార్టీ అయినా అంతే, నేను ఎవరినీ తప్పుపట్టట్లేదు. నా కొట్టుకి వచ్చే కుర్రాళ్లు స్కిట్ చూసి నవ్వుతారు, చర్చ చూసి నవ్వుతారు. రెండు నవ్వులూ ఒకేలా ఉంటాయి. అక్కడే నాకు కొంచెం భయం వేస్తుంది.

అమృతం సీరియల్ రోజుల్లో ఆదివారం రాత్రి కొట్టు ముందే కట్టేసేవాడిని. ఇప్పుడు దేనికోసమూ కట్టబుద్ధి కావట్లేదు.

మోడరేటర్

రెండు పోస్టులు తీసేశాను. ఒకటి ఒక పార్టీ పాట, రెండోది దానికి వచ్చిన బూతు. ఛానల్ పేరు ఊహించి రాసేవాళ్లు కూడా దయచేసి ఆగండి, పిన్నిగారు కావాలనే రాయలేదు.

కేబుల్ బాబాయ్

మర్రిపాలెం వైపు కేబుల్ కనెక్షన్లు చూస్తాను. అందరూ కంటెంట్ గురించి రాస్తున్నారు, వైరు గురించి నేను రాస్తా.

టీఆర్‌పీ అంటే ఊళ్లో అందరూ చూసేది లెక్కపెడతారని చాలామంది అనుకుంటారు. కాదు. బార్క్ అనే సంస్థ దేశం మొత్తం మీద ఎంపిక చేసిన ఇళ్లలో మీటర్లు పెడుతుంది. దేశమంతా కలిపి అలాంటి ఇళ్లు కొన్ని పదుల వేలే. ఏ ఇంట్లో ఉందో బయటికి చెప్పరు. మన వీధిలో ఒక్కటీ ఉండకపోవచ్చు. అంటే అప్పగారు రిమోట్ లాక్కున్నా, బావగారు లాక్కున్నా రేటింగ్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. 2020 అక్టోబర్‌లో రేటింగుల గోల్‌మాల్ గొడవ వచ్చి న్యూస్ ఛానళ్ల లెక్కలే ఆపేశారు, 2022 మార్చిలో గానీ మళ్లీ మొదలవలేదు. ఆ మధ్యకాలంలో అరుపులు తగ్గాయా? నాకైతే తగ్గినట్టు వినబడలేదు. కాబట్టి అన్నిటికీ రేటింగ్ మీద నెపం వెయ్యకండి, అలవాటు కూడా ఉంది.

అసలు ఛానల్ మీ ఇంటికి రావాలా వద్దా అన్నదే ఒక్కోసారి రాజకీయం. 2014లో తెలంగాణలో రెండు ఛానళ్లు నెలల తరబడి కేబుల్‌లో రాలేదు. 2024 జూన్‌లో ఇక్కడ ప్రభుత్వం మారగానే కొన్ని ఛానళ్లు చాలా చోట్ల మాయమయ్యాయి. ఏ పార్టీ వాళ్లు ఏడ్చారో, ఏ పార్టీ వాళ్లు నవ్వారో రెండుసార్లూ చూశాను. ఫోన్లు మాత్రం నాకు వస్తాయి. "మా ఛానల్ ఏదిరా?" అని పెద్దాయన ఒకాయన పొద్దున్నే తిట్టాడు, సాయంత్రం ఇంకొకాయన ఫోన్ చేసి "బాగా చేశావురా" అని మెచ్చుకున్నాడు. నేను ఏమీ చెయ్యలేదు మహాప్రభో, నాకు సిగ్నల్ పైనుంచి వస్తుంది.

కుర్రాళ్ల కనెక్షన్లు అయితే పోతున్నాయి. కొత్తగా అద్దెకి దిగే పిల్లలు ఇంటర్నెట్ చాలు అంటున్నారు. నెలనెలా కట్టే కనీస చార్జీ కూడా దండగ అంటారు. వాళ్లు లేని చోట యువతతో చర్చ పెట్టి వీళ్లు ఎవరికి చూపిస్తున్నారో నాకు అర్థం కాదు.

ఎంవీపీ పిన్ని

బాబాయ్ గారూ, మాలాంటివాళ్లకి! మేమే కదా చూస్తున్నది. "చూశావా, పిల్లలు ఎలా మాట్లాడుతున్నారో" అని మురిసిపోవడానికి.

బెంగళూరు విశాఖోడు

సీతమ్మధార నుంచి వచ్చి ఇక్కడ సెటిలైనవాడిని. చేదుగా ఉన్నా చెప్తా. బ్యాంకు పరీక్షలు రాసుకోనివ్వండి పిన్నిగారూ. కాలేజీలో నేనూ జీవీఎంసీ గాంధీ బొమ్మ దగ్గర ప్లకార్డు పట్టుకున్నా. ఫొటో పేపర్లో వచ్చింది. ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూ ముందు మా నాన్న ఆ ఫొటో ఫేస్‌బుక్ నుంచి తీయించేశాడు. ఇరవైలో ఆదర్శం, ముప్ఫైలో ఈఎంఐ. అందరిదీ ఇదే దారి.

ఎంవీపీ పిన్ని

బాబూ, నీ దారి నీది. వాడు పరీక్ష రాస్తే నాకేం అభ్యంతరం లేదు. కానీ బుద్ధి పుట్టి రాయడం వేరు, ఎవడో ముఖం అతికించాడని తల దించుకుని రాయడం వేరు.

సిరిపురం పాత పుస్తకాలు

చిన్న సంగతి ఒకటి. 1970 ఫిబ్రవరిలో ఇదే ఊళ్లో శ్రీశ్రీ షష్టిపూర్తి సభలు జరుగుతుంటే, శ్రీకాకుళం నక్సలైటు పోరాటంతో రగులుతున్న రోజుల్లో మీరు ఎటువైపు అని రచయితలని నిలదీస్తూ విశాఖ విద్యార్థులు కరపత్రం పంచారు. పెద్దవాళ్ల పండగలో పిల్లలు అడిగిన ప్రశ్న అది. ఆ జూలైలో విరసం (విప్లవ రచయితల సంఘం) పుట్టడానికి అదీ ఒక కారణం. వాళ్ల రాజకీయంతో నాకు పేచీలు బోలెడు. కానీ చూడండి, వాళ్లకి మైకు ఎవరూ ఇవ్వలేదు. కాగితం అచ్చేయించుకున్నారు, పంచారు.

ఇప్పుడు కాగితం బదులు రీల్. తేడా అంతే అంటుంది మా అమ్మాయి. నేను ఒప్పుకోను. కాగితాన్ని ఎదురుగా నిలబడి చేతికిస్తాం.

అగనంపూడి కుర్రోడు

సార్, రీల్ కింద కూడా ఎదురుగా నిలబడే తిడతారు, నా మాట నమ్మండి.

కంచరపాలెం అప్ప

టిఫిన్ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆ చప్పట్లు నావే

నమస్తే. పిన్ని రాసిన ఆ అక్క కొడుకుని నేనే. పిన్ని లింక్ పంపితే ఇందాకే ఖాతా తెరిచాను.

అప్పగారూ, పెట్టారండీ. పులిహోర పొట్లం, అరటిపండు. చర్చకి ముందే ఇచ్చారు, తర్వాత ఎవరూ ఆగరని వాళ్లకి తెలుసు కాబోలు.

మైకు మోసిన అన్నా, మీరు చెప్పింది చదివాక తల తిరిగింది. అవును, మొదట్లోనే చప్పట్లు కొట్టించారు. నా పక్కన కూర్చున్న అమ్మాయి ఎవరినో చూసి ఏదో జోక్ వేస్తే నిజంగానే నవ్వుతున్నా అప్పుడు. అదే వాడారు.

పిన్ని కొంచెం ఎక్కువ చేసి రాసింది. నేను రాజకీయం వద్దన్నది ఆ రాత్రి కోపంలో. నా బాధ పార్టీ పేరు పెట్టి పిలవడం కాదు. నా ప్రశ్నకి జవాబు తెలియకపోవడం. ఉక్కు మంత్రిత్వ శాఖకి ఆన్‌లైన్‌లో ఆర్టీఐ పెట్టాను, పది రూపాయలు కట్టి. గనుల కేటాయింపు కోసం ప్లాంటు తరఫున వెళ్లిన దరఖాస్తులు ఏమయ్యాయని అడిగాను. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. బ్యాంకు పరీక్షకి కూడా అప్లై చేశాను, బెంగళూరు అన్నకి తెలియజేయడమైనది.

కూర్మన్నపాలెం తాత

శభాష్. ప్రశ్నలో "దరఖాస్తులు ఏమయ్యాయి" అని ఊరుకోకు. తేదీలు, ఫైల్ నోటింగ్స్ (ఫైల్లో అధికారులు రాసిన మాటలు) కాపీలు కావాలని విడిగా అడుగు. లేదంటే "పరిశీలనలో ఉంది" అని ఒక్క ముక్క రాసి పంపిస్తారు. మా యూనియన్‌కి అలాంటివి కట్టలు కట్టలు వచ్చాయి. ఇంకో అర్జీ పెట్టు, నేను డ్రాఫ్ట్ చూస్తాను.

మైకు మోసినోడు

తమ్ముడూ, ఛానల్ మీద కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. చాలామందికి తెలియదు. 2021లో కేబుల్ టీవీ నిబంధనలు మార్చారు. ప్రేక్షకుడు ఫిర్యాదు చేస్తే ఛానల్ 24 గంటల్లో అందినట్టు చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. వాళ్లు తేల్చకపోతే ఆ ఛానల్ సభ్యత్వం ఉన్న స్వీయ నియంత్రణ సంస్థకి అప్పీలు చేసుకోవచ్చు. వెబ్‌సైట్‌లో ఫిర్యాదుల అధికారి వివరాలు ఉంటాయి. పెద్ద శిక్షలేమీ పడవు, ఆశలు పెట్టుకోకు. కానీ "ఈ మాటకి నేను చప్పట్లు కొట్టలేదు" అని కాగితం మీద పడుతుంది. కోపం తగ్గించి రాయి. కార్యక్రమం తేదీ, టైము, ఎన్నో నిమిషంలో నీ ముఖం వచ్చింది, అది చాలు.

ఎంవీపీ పిన్ని

అక్కకి ఈ ఫిర్యాదు సంగతి తెలిస్తే నన్ను చంపేస్తుంది. వాడికి కేసులు, స్టేషన్లు అని టెన్షన్ పడుతుంది.

కంచరపాలెం అప్ప

కేసు కాదు కదమ్మా, ఉత్తరమే కదా. మీ అక్కతో నేను మాట్లాడతాను, ఫోన్ నంబరు మెసేజ్‌లో పంపు.

కేబుల్ బాబాయ్

బాబూ, ముందు ఆ వీడియో దించి పెట్టుకో. వాళ్ల యూట్యూబ్‌లో ఉందా ఇంకా? ఫిర్యాదు వెళ్లిన మర్నాడు తీసేస్తారు.

ఆ చప్పట్లు నావే

ఉంది బాబాయ్. 41వ నిమిషం. ఇప్పుడే దించుతున్నా, హాస్టల్ వైఫై కదా, తెల్లారేలోపు అవుతుంది.